డోలు చేతికి జాజ్ అలవాటు చేయడం ఎలా: నాలుగు వేళ్లు, పన్నెండు కణుపులు

కాకినాడలో ఒక పెళ్లి రిసెప్షన్. స్టేజీ మీద కీబోర్డు, బేస్ గిటారు, హైదరాబాదు నుంచి వచ్చిన శాక్సఫోన్ ఆయన, డ్రమ్స్ మీద నేను. జనమంతా భోజనాల దగ్గర ఉన్నారు కాబట్టి మేం ఏం వాయించినా అడిగేవాళ్లు లేరు, అందుకని శాక్సఫోన్ ఆయన "ఒక బ్లూస్ వేద్దాం, చివర్లో ఫోర్స్" అన్నాడు. బ్లూస్ అంటే జాజ్‌లో ఒక రకం పాట. ఫోర్స్ అంటే ఆయన నాలుగు బార్లు (బారంటే నాలుగు దెబ్బలు), నేను నాలుగు బార్లు, అలా మార్చి మార్చి వాయించడం. పదేళ్లు మృదంగం వాయించి ఆ తర్వాత డ్రమ్స్ పట్టినవాణ్ణి, నాకు నాలుగు బార్లు ఒక లెక్కా? నా వంతు రాగానే చేతికి బాగా అలవాటైన ముక్తాయింపు (వాయింపుని ముగించే జతి) ఎత్తుకుని, మూడుసార్లు తిప్పి, సమం మీద, అంటే చుట్టు మొదటి దెబ్బ మీద, సింబల్ పగిలేలా కొట్టి తలెత్తి చూశాను. వాళ్లు అప్పటికే ఒక బారు ముందుకు వెళ్లిపోయారు. బేస్ అబ్బాయి నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ఇంటికొచ్చి లెక్క వేస్తే తెలిసింది. ఆ ముక్తాయింపు 20 అక్షరాలది. ఆది తాళంలో (ఒక ఆవర్తనానికి, అంటే చుట్టుకి, ఎనిమిది అక్షరాలు) నాలుగు అక్షరాలు వదిలి ఎత్తుకుంటే మూడో ఆవర్తనం అయ్యేసరికి చక్కగా సమం మీద పడుతుంది. కానీ నాలుగు బార్లంటే 16 దెబ్బలే. అంటే నేను ఐదు బార్లు వాయించాను. నా లయ ఎక్కడా తప్పలేదు. పాట ఎక్కడుందో మాత్రం నాకు తెలియదు.

గుడిలో డోలు వాయించేవాళ్లు, హరికథలకి మృదంగం పట్టేవాళ్లు, ఆదివారం చర్చిలో ప్యాడ్స్ వాయించేవాళ్లు, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో తాషా కొట్టి చేతులు వాచినవాళ్లు, వీళ్లందరి కోసం ఇది రాస్తున్నాను. మన గోదావరి డెల్టాలో లయకి కరువు లేదు. మనం కొత్తగా నేర్చుకోవాల్సింది వేళ్ల వేగం కాదు. పాటని లోపల పాడుకుంటూ, దాని చుట్టూ అప్పటికప్పుడు మాట్లాడటం. అన్నట్టు జాజ్ పుట్టిన అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ కూడా డెల్టా ఊరే, మిసిసిపీ సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఉంటుంది. అక్కడ కూడా ఊరేగింపుకీ శవయాత్రకీ బ్యాండు మేళం ఉంటుంది, కాబట్టి మరీ పరాయిగా అనుకోకండి.

ముందు వాద్యం పక్కన పెట్టండి

మొదటి వారం చేతులతో పని లేదు. ఒక పాట పట్టుకోండి, ఒక్కటే. నేను అందరికీ జాజ్ పియానిస్టు డ్యూక్ ఎల్లింగ్టన్ బృందం 1942లో రికార్డు చేసిన "సీ జామ్ బ్లూస్" ఇస్తాను. కారణం ఏమిటంటే ఆ పాట మొత్తంలో రెండే స్వరాలు, పా, పై సా. అంతే. పా మీద నడిచి సా మీద ఆగుతుంది, అదే ముక్క మూడుసార్లు. స్వరాలు ఇంత తక్కువ ఉన్నా అది పాటలా వినిపిస్తోందంటే దాన్ని మోస్తున్నది లయే కదా, అందుకే మనలాంటివాళ్లకి అంతకన్నా మంచి మొదటి పాఠం నాకు దొరకలేదు.

వినడం కాదు, పాడాలి. స్నానం చేస్తూ, బండి మీద వెళ్తూ, పాలు మరిగేదాకా పొయ్యి దగ్గర నిలబడి. గొంతు బాగుండక్కర్లేదు. "నాకు పాట రాదండి, నేను వాయిద్యం మనిషిని" అంటారు చాలామంది. మరి మన గురువులు జతి నోటితో చెప్పకుండా చేతిలో పెట్టనిచ్చారా? ఇదీ అంతే.

పన్నెండు కణుపులు

ఇప్పుడు అసలు సంగతి. బ్లూస్‌లో ఒక చుట్టు (వాళ్లు కోరస్ అంటారు, నేను చుట్టు అంటాను) పన్నెండు బార్లు. బారుకి నాలుగు దెబ్బలు, మొత్తం 48. మన లెక్కలో ఆరు ఆది ఆవర్తనాలు. నిమిషానికి 120 దెబ్బల నడకలో ఒక చుట్టు సరిగ్గా 24 సెకన్లు.

దీన్ని ఆది తాళం వేస్తూ లెక్కపెట్టొచ్చు గానీ వద్దంటాను, ఎందుకంటే ప్రతి ఎనిమిదికీ ఒకసారి సమం వచ్చినట్టు ఒళ్లు ఊగుతుంది, ఆ ఊపు ఇక్కడ పనికిరాదు. దాని బదులు మన పెద్దవాళ్లు జపం లెక్కపెట్టినట్టు వేళ్ల కణుపులు వాడండి. బొటనవేలు వదిలేస్తే నాలుగు వేళ్లు, వేలికి మూడు కణుపులు, మొత్తం పన్నెండు. ఒక్కో కణుపు ఒక్కో బారు. అయితే వేలి వెంట కిందికి దిగకుండా అడ్డంగా వెళ్లండి: పై వరసలో చూపుడువేలు నుంచి చిటికెనవేలు దాకా నాలుగు, తర్వాత మధ్య వరస నాలుగు, తర్వాత కింది వరస నాలుగు. బ్లూస్ నిర్మాణం కూడా సరిగ్గా ఇదే, నాలుగేసి బార్ల మూడు పంక్తులు. పాత బ్లూస్ పాటల్లో మొదటి పంక్తి ఒక మాట చెబుతుంది, రెండో పంక్తి అదే మాట మళ్లీ అంటుంది, మూడోది జవాబు చెబుతుంది.

శ్రుతి కూడా వరసని బట్టి మారుతుంది. మామూలు బ్లూస్‌లో పై వరస నాలుగూ సా. మధ్య వరస మా, మా, సా, సా. కింది వరస పా, మా, సా, సా. కీబోర్డు ఉంటే ఎడమచేత్తో ఆ ఒక్క స్వరమే నొక్కి పట్టుకుని పాట పాడండి, లేకపోతే హార్మోనియం చాలు. మధ్య వరస మొదటి కణుపు దగ్గర శ్రుతి మా లోకి దిగడం, కింది వరస మొదట్లో పా లోకి ఎక్కడం మీ చెవికి దానంతటదే తెలిసేదాకా ముందుకి వెళ్లకండి. నాకు నెల పట్టింది. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు ఎక్కినప్పుడల్లా, గోదావరి దాటేదాకా బొటనవేలితో కణుపులు తిప్పుతూ లోపల పాడుకునేవాణ్ణి. పక్కన కూర్చున్న పెద్దాయన ఒకరు "ఏ మంత్రం బాబూ" అని అడిగారు కూడా.

నడక

స్వింగ్ నడకని, అంటే జాజ్‌లో ఊగుతూ సాగే నడకని, మన భాషలో చెప్పుకుంటే సగం పని అయిపోతుంది. ప్రతి దెబ్బలో తిశ్రం, అంటే మూడు సమాన భాగాలు, పెట్టండి: తకిట తకిట తకిట తకిట. ఇప్పుడు మధ్యలో కి మింగేయండి, త..ట త..ట అవుతుంది. ఇంకాస్త తీసేయండి, ఒకటో దెబ్బకి త మాత్రమే, రెండో దానికి త..ట, మూడో దానికి త, నాలుగో దానికి త..ట. డిం, డిం..డ, డిం, డిం..డ. రైడ్ సింబల్ (డ్రమ్ సెట్‌లో నడక నడిపే పెద్ద సింబల్) మీద జాజ్ డ్రమ్మర్లు సాయంత్రమంతా నడిపేది ఇదే.

రాసినంత తేలిక కాదు. మనవాళ్లు ఇది మొదటిసారి వాయిస్తే నూటికి నూరుసార్లు కోలాటం నడకలా వస్తుంది. తప్పు ఆ చిన్న ట దగ్గర జరుగుతోంది. మనం దాన్ని దాని ముందున్న త కి తోకలా వాయిస్తాం. అది తోక కాదు, తర్వాత రాబోయే దెబ్బకి ముందడుగు. గుమ్మం దాటేముందు ఒక కాలు ఎత్తుతాం చూడండి, అలా. ట ని తర్వాతి త తో కలిపి పలకండి, "టత్, టత్" అని, అప్పుడు చెయ్యి మారుతుంది. ఇంకో సంగతి, నడక వేగం పెరిగేకొద్దీ ఈ తిశ్రం సాగిపోయి రెండు సమాన భాగాలకి దగ్గరవుతుంది, నిమిషానికి 240 దెబ్బల పాటలో కూర్చుని తకిట కోసం పట్టుబడితే చెయ్యి బిగుసుకుపోతుంది తప్ప స్వింగ్ రాదు.

మృదంగం మీద దీన్ని కుడివైపు చూపుడువేలితో తేలిగ్గా నడపండి, ఎడమవైపు తొప్పి మీద నాలుగు దెబ్బలూ వినీ వినిపించనట్టు. ఒక ఇబ్బంది ఉంది. ఊదే వాద్యాల వాళ్లు బ్లూస్ ఎక్కువగా బి ఫ్లాట్‌లోనో ఎఫ్‌లోనో వేస్తారు, మీ మృదంగం సి శ్రుతిలో ఉంటే మీ మీటు వాళ్ల పాటతో పోట్లాడుతుంది. ఆ శ్రుతి మృదంగం దొరికితే సరే, లేకపోతే నాదం మోగే దెబ్బలు తగ్గించి మూసిన దెబ్బలతో నడపండి. వానాకాలంలో మన గాలికి చర్మం ఎలాగూ దిగిపోతుంది కాబట్టి ముందే చూసుకోండి. డోలు వాళ్లు వేళ్ల తొడుగులు తీసేయాలి, వేరే దారి లేదు. ప్యాడ్స్ వాళ్లు లూప్ బటన్ ముట్టుకోకూడదు, రైడ్ శబ్దం ఒక ప్యాడ్‌కి పెట్టుకుని చేత్తోనే నడపాలి. డ్రమ్స్ వాళ్లకి బ్రష్‌లు కొనడం బరువనిపిస్తే, కొబ్బరి ఈనెలు ఇరవై దాకా కట్టగట్టి అట్టపెట్టె మీద మొదలెట్టండి. కోనసీమలో చీపురు ఈనెలకి డబ్బులిచ్చేవాడు ఎవడు?

రెండు, నాలుగు

మనం చప్పట్లు ఒకటి మీద కొడతాం. భజనైనా, కోలాటమైనా, చర్చి పాటైనా. జాజ్‌లో ఎడమకాలి హైహ్యాట్ (కాలితో మూసే జోడు సింబల్) రెండు మీద, నాలుగు మీద మూసుకుంటుంది. మెట్రోనోమ్‌ని (టిక్కు టిక్కుమని నడక చూపే యంత్రాన్ని) నిమిషానికి 60కి పెట్టి, ఆ టిక్కుల్ని రెండు, నాలుగు అనుకుని, మీరు 120లో నడవండి. మొదటి రోజు చిరాకు పుడుతుంది, టిక్కు ఎప్పుడు ఒకటి అయిపోయిందో కూడా తెలియదు. మెట్రోనోమ్ లేకపోతే మా ఇంటి సీలింగ్ ఫ్యాన్ లాంటిది చాలు, తిరిగినప్పుడల్లా ఒక కిర్రు. ఒకసారి పట్టుబడ్డాక ఫ్యాన్ కింద నిద్రపోవడమే కష్టం.

సందులు

1940 ప్రాంతంలో కెన్నీ క్లార్క్ అనే డ్రమ్మర్ ఒక పెద్ద మార్పు తెచ్చాడు. అంతవరకు కాలం నిలబెట్టే భారమంతా కాలి కింద పెద్ద డ్రమ్ముది. ఆయన దాన్ని రైడ్ సింబల్ మీదికి ఎత్తేశాడు. దాంతో ఎడమచెయ్యీ కుడికాలూ ఖాళీ అయ్యాయి, ఆ ఖాళీ అయినవాటితో సోలో వాయించేవాడికి అక్కడక్కడ ఊ కొట్టడం మొదలైంది. దాన్నే కాంపింగ్ అంటారు. హరికథలో దాసుగారు ఒక మాట విరిచి ఆగితే మృదంగం ఒక్క దెబ్బ వేస్తుంది చూడండి, అది మీకు తెలుసు కాబట్టి ఇదీ తెలుసు.

చెయ్యాల్సింది: నడక నడుస్తూ ఉండగా, నాలుగు బార్లకి ఒక్క దెబ్బ, రైడ్ కాకుండా. అది కూడా ఒకటి మీద కాదు. వారం తర్వాత రెండు దెబ్బలు. అంతకన్నా ఎక్కువ వేయాలనిపించిన ప్రతిసారీ పాట పాడండి.

ఫోర్స్

ఇక్కడే నేను పడ్డాను కాబట్టి కాస్త నెమ్మదిగా చెబుతాను.

బ్లూస్‌లో చుట్టుకి మూడు వరసలు. ఆయన ఒక వరస, మీరు ఒక వరస అనుకుంటే మొదటి చుట్టులో పై వరస ఆయనది, మధ్య వరస మీది, కింది వరస ఆయనది. మూడు బేసి సంఖ్య కదా, కాబట్టి రెండో చుట్టులో తిరగబడుతుంది, పై వరస మీది, మధ్యది ఆయనది, కింది వరస మళ్లీ మీది. అంటే మీకు మొదట దొరికేది మధ్య వరస, శ్రుతి మా లో ఉన్న చోటు. తర్వాత దొరికేవి మొదలూ చివరా. మీ చేతిలో కొలిచి పెట్టుకున్న 16 దెబ్బల ముక్క మూడు చోట్లా ఒకేలా పనిచేయదు, మధ్య వరసలో ఇంకా కథ నడుస్తోంది, కింది వరసలో కథ ముగిసి పాటలోకి తిరిగి వెళ్లాలి. ఏ వరసలో ఉన్నారో బొటనవేలికి తెలిస్తే ఏం వాయించాలో సగం అదే చెబుతుంది.

ముక్తాయింపు మోజు ఎలాగూ తీరాలి కాబట్టి ముందు అదే చేయండి. దెబ్బకి ఒక అక్షరం చొప్పున, మొదటి దెబ్బ వదిలేసి, తదిగినతొం మూడుసార్లు. ఒకటి ఖాళీ, మూడైదులు పదిహేను, మొత్తం 16, తర్వాతి సమం మీద అందరూ కలుస్తారు. వాయించారా? బాగుందా? ఇక దాన్ని ఒక నెల ముట్టుకోకండి.

ఎందుకంటే తని ఆవర్తనంలో (కచేరీలో లయ వాద్యాలే వాయించే భాగంలో) ఆ మూడుసార్లు రావడం ఒక పెద్ద కట్టడానికి శిఖరం. అరగంట కట్టినదాని మీద కూర్చుంటుంది. ఇక్కడ మీకున్న ఎనిమిది సెకన్లలోనే ప్రతిసారీ శిఖరం పెడితే ఇల్లెక్కడ? వినేవాడికి రెండోసారి రాగానే మూడోది తెలిసిపోతుంది, ఆపైన మీరు వాయించేది ఎవరూ వినరు. దాని బదులు ఇలా చేసి చూడండి. ఆయన తన నాలుగు బార్ల చివర ఊదిన ముక్క, చివరి నాలుగైదు స్వరాల లయ మాత్రమే, అదే మీ మొదటి మాట. యథాతథంగా వాయించండి. తర్వాత అదే మాట అర దెబ్బ ఆలస్యంగా. తర్వాత దాంట్లో సగం. నాలుగో బారులో మూడు మీద ఆపేయండి, మిగతాది ఖాళీ. ఆ ఖాళీలోకి ఆయన వస్తాడు. మొదట్లో ఆ ఖాళీలో చేతులు దురద పెడతాయి.

తోడు ఎవరు అంటారా? మీ ఊరి బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించే ఆయన్ని అడగండి. జాజ్‌లో మొదటినుంచీ ఉన్న వాద్యం అది, ఆయనకి సా, మా, పా తెలుసు, ముహూర్తాలు లేని నెలలో ఖాళీగా కూడా ఉంటాడు. ఎవరూ దొరక్కపోతే ఐరియల్ ప్రో అనే యాప్ ఉంది, పియానో, బేస్ వాయిస్తూ ఉంటుంది, అడిగిన నడకలో. మనిషి కాదు గానీ తప్పితే మాత్రం ఆగదు, అది దానిలో గుణం.

పూర్తి చుట్టు

పన్నెండు బార్లు మీకే వదిలేశారు. భయపడకండి, కండక్టర్ని తలుచుకోండి. అమలాపురం బస్టాండులో "రాజోల్ రాజోల్ రాజోల్, మలికిపురం" అని అరుస్తాడు. ఆ లయ ఒకటి తీసుకోండి. పై వరసలో అది చెప్పండి. మధ్య వరసలో అదే మళ్లీ, కాకపోతే వేరే డ్రమ్ము మీద, మృదంగమైతే కుడి నుంచి ఎడమకి. కింది వరసలో జవాబు: రాజోల్ ఒక్కసారే, మలికిపురం సాగదీసి. పన్నెండు బార్లూ అయిపోయాయి, ఒక్క గమ్మత్తు దెబ్బ కూడా వేయలేదు, అయినా వినేవాడికి కథ తెలిసింది.

ఇదంతా చేస్తున్నప్పుడు లోపల రెండు స్వరాల పాట నడుస్తూనే ఉండాలి. జాజ్ డ్రమ్మర్ మ్యాక్స్ రోచ్ సోలోలు వినేటప్పుడు, ఆ సోలో ఏ పాటలోదో ఆ పాటని పైన పాడి చూడండి. డ్రమ్స్ మీద పాట పాడినట్టు వాయించడంలో ఆయన పేరే ముందు చెబుతారు, ఎందుకో మీకే తెలుస్తుంది. మన సంగీతాన్ని జాజ్‌తో కలిపిన శక్తి బృందం వినొద్దా అని అడుగుతారు, జాకిర్ హుసేన్, ఘటం వినాయక్‌రామ్ వాయించినది కదా అని. వినండి, కానీ మొదటి ఆర్నెల్లు కాదు. అది వింటే మనం మళ్లీ మన ఇంటికే వచ్చేస్తాం, చేతులు కొన్నాళ్లు ఊరు దాటాలి.

బ్లూస్ ఒళ్లు పట్టాక 32 బార్ల పాటలు. పల్లవి, పల్లవి, చరణం, పల్లవి, ఎనిమిదేసి బార్లు, మొత్తం 16 ఆది ఆవర్తనాలు. 1959లో ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ బృందం రికార్డు చేసిన "సో వాట్" తో మొదలెట్టండి. పల్లవి స్వరాలు మన ఖరహరప్రియ రాగానివే, చరణంలో అదే మొత్తం అర మెట్టు పైకి జరుగుతుంది. సంగీతం క్లాసుకి వెళ్లినవాళ్లు ఆ జరగడాన్ని ఇట్టే పట్టేస్తారు, డ్రమ్మర్లే నిద్రపోతారు.

నేర్పేవాళ్లకి

మా మేడ మీద శనివారం సాయంత్రం నలుగురు వస్తారు. డోలు కుటుంబం నుంచి ఒక అబ్బాయి, చర్చిలో ప్యాడ్స్ వాయించే అమ్మాయి, మృదంగం నేర్చుకుంటున్న ఇంటర్ కుర్రాడు, తీర్థాల్లో తాషా కొట్టే ఇంకొకడు. డ్రమ్ సెట్ ఒకటే ఉంది, దాన్ని మూలన పెట్టేశాను. డ్రమ్ సెట్ అంటే మొదట్లో బ్యాండు మేళంలో ముగ్గురు మనుషులు చేసే పని కదా, కాలితో కొట్టే పెడల్ వచ్చాక (లుడ్విగ్ వాళ్ల పెడల్ 1909 నాటిది) ఒక్కడే కూర్చుని చేయడం కుదిరింది. మనకి ముగ్గురున్నారు, కాబట్టి వెనక్కి విడగొట్టేయండి. ఒకరు నడక. ఒకరు చేతాళాలతో రెండు, నాలుగు. ఒకరు సందుల్లో ఊ కొట్టడం. నాలుగోవాడు పాట పాడాలి, వాయించకూడదు. చుట్టు చుట్టుకీ పనులు మార్చాలి. పాడే వంతు వచ్చినప్పుడు అందరూ తప్పించుకోవాలని చూస్తారు, వదలకండి.

ఒక తప్పు చేశాను, మీరు చేయకండి. మొదటి ఏడాది ఇంటర్ కుర్రాడికి పన్నెండు బార్ల సోలో ఒకటి జతులతో పుస్తకంలో రాసిచ్చాను. వారం తిరక్కుండా శుభ్రంగా వాయించాడు. ఇంకో పాట ఎత్తుకుంటే దాని మీదా అదే వాయించాడు. నేను కసిరితే "మాస్టారండీ, మీరు రాసిచ్చిందే కదండీ, ఆయ్" అన్నాడు. వాడి తప్పేముంది. రాసిస్తే అది కీర్తన అవుతుంది, కీర్తనని మార్చకూడదని మనమే చిన్నప్పటినుంచీ నేర్పాం. అప్పటినుంచి రాసివ్వడం మానేసి ఆటలు పెట్టాను.

మూడు దెబ్బల ఆట: నాలుగు బార్లలో మూడే దెబ్బలు, ఎక్కడైనా వేసుకోవచ్చు. చేతివేగం ఉన్నవాడే దీంట్లో ముందు ఓడిపోతాడు. కరెంటు పోయిన ఆట (నిజంగానే కరెంటు పోయిన రోజు పుట్టింది): నడక నడుస్తుండగా చెయ్యెత్తుతాను, అందరూ ఆపేయాలి, ఒక వరస మౌనంగా లోపల పాడుకుని తర్వాతి వరస మొదటి దెబ్బ మీద అందరూ కలిసి రావాలి. వారానికొకసారి మౌనం పెంచండి. మొత్తం చుట్టు, 24 సెకన్లు, నిశ్శబ్దంగా గడిచి నలుగురూ ఒకే దెబ్బ మీద పడిన రోజు కింద అద్దెకుండేవాళ్లు కూడా ఏమైందని పైకి వచ్చారు. ఇంకో ఆట, ఒకరు డ్రమ్ము మీద పాటని వాయిస్తూ ఎక్కడో ఆపేస్తారు, ఏ వరసలో ఆగారో మిగతావాళ్లు చెప్పాలి.

సరిదిద్దేటప్పుడు "తప్పు" అనకండి. నేను ఒకటే ప్రశ్న అడుగుతాను: "ఇప్పుడు ఏ వేలి మీద ఉన్నావు?" జవాబు చెప్పగలిగితే వాడు ఏం వాయించినా ఫర్వాలేదు, రుచి తర్వాత వస్తుంది. చెప్పలేకపోతే ఎంత బాగా వాయించినా ఆపించి మళ్లీ పాడిస్తాను. ఆశ్చర్యం ఏమిటంటే మొదటినుంచీ దారి తప్పనిది ప్యాడ్స్ అమ్మాయే. చర్చి పాటల్లో ఏళ్ల తరబడి అవే మూడు, సా, మా, పా, గిటారు మీద విని విని చెవికి పట్టేశాయి. లయ విషయంలో తనే అందరికన్నా వెనక ఉండేది. డోలు అబ్బాయి తనకి ట ని ముందుకి అంటించడం చెప్పాడు, తను వాడికి మధ్య వరస మా వినిపించింది, నేను టీ తాగుతూ కూర్చున్నాను.

వాళ్ల పాత గురువుల సంగతి కూడా చూసుకోండి. "చెయ్యి పాడైపోతుంది" అనే భయం మృదంగం గురువులకి ఉంటుంది, అది ఉత్త చాదస్తమని నేను అనను, మొదటి రెండేళ్లలో ఉన్న పిల్లాడికి రెండు నడకలు కలిపితే నిజంగానే కలగాపులగం అవుతుంది. వర్ణాలకి వాయించగలిగే స్థాయి వచ్చాక పంపమని చెప్పండి, గురువుగారికి చెప్పకుండా వచ్చినవాణ్ణి చేర్చుకోకండి. డ్రమ్మర్ ఆర్ట్ బ్లేకీ తన జాజ్ మెసెంజర్స్ బృందంలోకి కుర్రవాళ్లని తీసుకుని నేరుగా స్టేజీ మీదే తయారుచేసేవాడు, లీ మోర్గన్, వేన్ షార్టర్, వింటన్ మార్సాలిస్ అలా ఆయన దగ్గర వాయించినవాళ్లే. కానీ వాళ్లు వచ్చేటప్పటికే వాద్యం వాళ్ల చేతిలో ఉంది.

మొదటిసారి బయట వాయించేటప్పుడు మూడు పాటలు చాలు. డ్రమ్ సోలో ఒక్క పాటలోనే, మిగతా రెండింట్లో ఊ కొట్టండి. సైగలు ముందే అనుకోండి: నాలుగు వేళ్లు ఎత్తితే ఫోర్స్, తల మీద చెయ్యి పెట్టుకుంటే ఆ పాట మొదట్లో వాయించిన అసలు బాణీలోకి తిరిగి వెళ్దాం అని. ఈ రెండూ జాజ్ వాళ్లు ఎక్కడైనా వాడే సైగలే. మొన్న పాలకొల్లులో ఒక పుట్టినరోజుకి వాయిస్తూ నేను తల మీద చెయ్యి పెట్టుకుంటే క్లారినెట్ ఆయన చూడలేదు, ఇంకోసారి పెట్టుకున్నాను, ఇంకోసారి. ఆ ఇంటి పెద్దావిడ మాత్రం చూశారు. పాట అయ్యేసరికి నా పక్కన మజ్జిగ గ్లాసూ తలనొప్పి మాత్రా సిద్ధంగా ఉన్నాయి.